యేసురత్నం ఇంజన్‌కు రాసిన అంకెలు

నంద్యాల నూనెపల్లెలో రోడ్డు వారన యేసురత్నానికి ఒక రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. పెట్రోలు కారు ఉన్నవాళ్ళకు ఆ షెడ్డు ఎక్కడుందో తెలుసు, లేనివాళ్ళకు దాంతో పనిలేదు. తొంభైల మొదట్లో ఆ చుట్టుపక్కల కార్లు ఎన్నుంటాయి? డాక్టర్లవి కొన్ని, విత్తనాల వ్యాపారులవి కొన్ని, కాంట్రాక్టర్లవి కొన్ని. ఆళ్లగడ్డ నుంచి, కోయిలకుంట్ల నుంచి, ఒక్కోసారి నందికొట్కూరు నుంచి కూడా బండి ఆయన దగ్గరికే వచ్చేది.

ఆయన పని చేసే తీరు వేరు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అప్పటిదాకా మాట్లాడుతున్నవాళ్ళు ఎవరూ చెప్పకుండానే నోరు మూసుకునేవాళ్ళు. కాసేపటికి కళ్ళు తెరిచి, కార్బరేటర్ స్క్రూ రవ్వంత తిప్పి, మళ్ళీ వినేవాడు. "సరిపోయింది. తీస్కపో," అని బోనెట్ దించేవాడు. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. మాటకారి కాడు యేసురత్నం. భార్య పరంజ్యోతి ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఆమె రోజంతా రోగులతో మాట్లాడి ఇంటికొచ్చి ఇంకా మాట్లాడేది, ఆయన వినేవాడు. పిల్లల్లేరు. ఇల్లు ఆమె మాటలతోనే నిండి ఉండేది.

ఇరవై ఏళ్ళు ఆ రేకుల కింద సైలెన్సర్ విప్పిన ఇంజన్ల మధ్య నిలబడ్డాడు. సమ్మెట దెబ్బలు, రేకుల మీద తిరిగి మోగే చప్పుడు. చెవులు ఒక్కరోజులో పోలేదు. మొదట చర్చిలో ఆడవాళ్ళ పాట పలచనైంది. మగవాళ్ళ గొంతులు వస్తున్నాయి, ఆడవాళ్ళవి పెదాలు కదలడమే కనపడుతోంది. తర్వాత బస్సు కండక్టర్ విజిల్ పోయింది. కుక్కర్ కూత పోయింది. ఎవరికీ చెప్పలేదు. చెవితో బతికేవాడు చెవి పోయిందని ఎట్లా చెప్పుకుంటాడు?

పరంజ్యోతి వంటింట్లోంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఆమెకు కోపం వచ్చేది. మొదట్నుంచీ ఆయన మాట తక్కువ మనిషి కాబట్టి, కావాలనే పలకట్లేదనుకుంది. రెండేళ్ళు అట్లాగే అనుకుంది. మెల్లగా ఆమె కూడా పిలవడం తగ్గించింది.

బయటపడింది ఆళ్లగడ్డ రాజశేఖర్ కారు దగ్గర. రాజశేఖర్‌కు ఎరువులు, పురుగుమందుల అంగడి ఉంది. పాత గిరాకీ. తొంభై తొమ్మిదిలో కారు బాగుచేయించుకుని పోయినవాడు వారం తిరగకుండా దాన్ని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు. పిస్టన్ పగిలిపోయింది. ప్లగ్గులో నిప్పురవ్వ పడాల్సిన దానికంటే ముందే పడేట్టు పెట్టి పంపాడు యేసురత్నం. అట్లా పెడితే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ కొట్టుకుంటుంది, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు. ఆ చప్పుడు వింటే పదేళ్ళ పిల్లోడు కూడా ఏదో తేడా ఉందంటాడు. యేసురత్నానికి వినపడలేదు.

రాజశేఖర్ షెడ్డు ముందర నిలబడి కేకలేశాడు. "ఏంది మేస్త్రీ ఇది? ఇంటిల్లిపాదిని ఎక్కించుకుని పోతాంటి. దోవలో చస్తే ఎవరు దిక్కు?"

యేసురత్నం ఆయన మూతివైపే చూస్తున్నాడు. అంత అరుస్తున్నా ముఖంలో ఏ మార్పూ లేదు. రాజశేఖర్ అరుపు మధ్యలో ఆగిపోయింది. గొంతు దించి అడిగాడు.

"మేస్త్రీ, నీకు వినపడల్యా?"

అదీ వినపడలేదు. అక్కడున్న ఒకతను యేసురత్నం భుజం తట్టి, వేలితో చెవి చూపించాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. చేతిలో ఉన్న గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ నిలబడిపోయాడు. తుడిచిన వేళ్ళే మళ్ళీ తుడుచుకున్నాడు.

రాజశేఖర్ బండి అక్కడే వదిలిపెట్టి బస్సెక్కి పోయాడు. యేసురత్నం తన ఖర్చుతో పిస్టన్ వేసి పంపించాడు. కానీ ఈ సంగతి ఆ బండి కంటే ముందే ఆళ్లగడ్డ చేరింది. ఏడాది తిరిగేసరికి షెడ్డుకు వచ్చే బండ్లు లేవు. కర్నూలులో డాక్టరు చూసి నరం చచ్చిపోయిందన్నాడు. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు. దాన్ని పెట్టుకుంటే అన్నీ ఒకటే రొదగా వచ్చేవి, మనిషి మాటా, ఫ్యాను తిరగడమూ, కుర్చీ జరపడమూ. కొన్నాళ్ళు పెట్టుకుని తీసి సొరుగులో పడేశాడు.

రెండువేల ఒకటిలో పరంజ్యోతికి ఆళ్లగడ్డకు బదిలీ అయింది. షెడ్డు మూసేసి ఇద్దరూ వెళ్ళారు. ఆసుపత్రికి దగ్గర్లోనే బాడుగ ఇల్లు, ముందర పెద్ద వాకిలి. పొద్దున ఆమె డ్యూటీకి పోతే సాయంత్రం వరకూ ఆయన ఒక్కడే. వాకిట్లో మంచమేసుకుని కూర్చునేవాడు. రోడ్డు మీద బండ్లు పోయేవి, చప్పుడు లేకుండా. దుమ్ము లేస్తే బండి పోయిందనుకోవాలి. ఊళ్ళో పలకరించేవాళ్ళు లేకపోలేదు. కానీ ఒకసారి అరిచి చెప్పి, రెండోసారి అరిచి చెప్పి, మూడోసారికి ఎవరైనా "ఏం లేదులేప్పా" అని చేయి ఊపి పోతారు. ఆ చేయి ఊపడం ఆయనకు బాగా తెలిసిపోయింది.

రెండువేల మూడులో సిరివెళ్ళ దగ్గర ఒక కాంట్రాక్టరు కారు కాలవలో పడింది. చిన్న తెల్ల కారు, కొత్త రకం. కార్బరేటర్ ఉండదు. డ్యాష్‌బోర్డు కింద ఈసీఎం అని ఒక రేకు డబ్బా ఉంటుంది, అదే ఇంజన్‌కు కంప్యూటరు. ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలి, ఎప్పుడు నిప్పురవ్వ వెయ్యాలి, అన్నీ అదే చెప్తుంది. నీళ్ళు మింగి ఇంజన్ పాడైంది. ఎవరూ కొనని బండి యేసురత్నం వాకిట్లోకి వచ్చింది.

ఆయన కర్నూలు పాత సామాన్ల బజారులో తిరిగి, అదే రకానికి చెందిన పెద్ద కారు ఇంజన్ ఒకటి తెచ్చాడు. కొలిచి, కోసి, అతికి, నాలుగు నెలలు తంటాలు పడి ఆ చిన్న కారులో కూర్చోబెట్టాడు. స్టార్ట్ అయింది. చేయి బోనెట్ మీద పెడితే అదురు తెలిసింది. కానీ రోడ్డెక్కితే నాలుగు అడుగులు పోయి గింజుకునేది, తుమ్మేది, ఆగేది. పెద్ద ఇంజన్‌కు చిన్న ఇంజన్ లెక్క ప్రకారం పెట్రోలు పోస్తోంది ఆ డబ్బా. ఎద్దుకు దూడ మేత పెట్టినట్టు.

పాత రోజులైతే స్క్రూ పావు తిప్పు తిప్పితే పోయే పని. ఇందులో తిప్పడానికి స్క్రూ లేదు. డబ్బా విప్పి చూశాడు. ఆకుపచ్చ రేకు మీద నల్లటి చిప్పులు. చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆ మధ్యాహ్నమంతా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆళ్లగడ్డ బజారులో ఈశ్వరి అనే ఆమె డీటీపీ, ఇంటర్నెట్ సెంటరు నడిపేది. ముప్పై దాటిన మనిషి. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు టైపు చేసేది. భర్త కువైట్‌లో పని. యేసురత్నం ఆ డబ్బాను సంచిలో వేసుకుని ఆమె సెంటరుకు పోయాడు. కంప్యూటరు కదా, కంప్యూటరు అంగడిలో తెలుస్తుందని.

ఈశ్వరి ఏదో అడిగింది. ఆయన చెవి చూపించి తల అడ్డంగా ఊపాడు. ఆమె అరవలేదు. చేయీ ఊపలేదు. కీబోర్డు ముందుకు లాక్కుని పెళ్ళి పత్రికకు పెట్టినంత పెద్ద అక్షరాలతో టైపు చేసింది.

"కూచో అన్నా. ఏం కావాల నీకు?"

యేసురత్నం ఆ తెర మీది అక్షరాలు చూశాడు. ఏడో తరగతి చదువు, రోజూ బైబిలు చదివే అలవాటు. నాలుగేళ్ళలో ఆయనను ఒక మనిషి అడిగిన మాట మొదటిసారే పూర్తిగా అందింది. గొంతు సవరించుకుని, మొత్తం చెప్పుకొచ్చాడు. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తెలియక బజారంతా వినేట్టు చెప్పాడు. ఈశ్వరి నవ్వుకుంటూ టైపు చేసింది.

"మెల్లగా చెప్పు అన్నా. నాకు చెవులు బాగనే ఉండాయి."

ఆమెకు కార్ల గురించి ఏమీ తెలియదు. ఆయనకు కంప్యూటర్ల గురించి తెలియదు. ఇంటర్నెట్‌లో వెతికింది. ఎక్కడెక్కడి దేశాల్లోనో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు రాసుకునే పేజీలు దొరికాయి. ఇంగ్లీషులో ఉన్నది చదివి, తనకు అర్థమైనంత తెలుగులో కొట్టి చూపించేది. ఆ చిప్పులో వేల అంకెలుంటాయి. వాటిల్లో ఒకచోట ఒక పట్టిక. నిలువుగా ఇంజన్ వేగం, అడ్డంగా దాని మీద పడే బరువు. ఒక్కో గడిలో ఒక అంకె, ఆ వేగానికి ఆ బరువుకు ఎంత పెట్రోలు చిమ్మాలన్నది. ఇంకో పట్టికలో నిప్పురవ్వ ఎంత ముందు పడాలన్నది. అంతే.

"అంటే స్క్రూలే," అన్నాడు యేసురత్నం. "ఒకటి కాదు, రెండు మూడు వందల స్క్రూలు."

"నువ్వు చెప్పినాక నాకు అర్థమైంది," అని కొట్టింది ఈశ్వరి.

నంద్యాలలో టీవీలు బాగుచేసే అతని చేత ఆ చిప్పు ఊడదీయించి, పెట్టి తీసేట్టుగా ఒక సాకెట్టు అతికించుకొచ్చాడు. చిప్పులో పాత అంకెలు చదివి కొత్తవి ఎక్కించే చిన్న పరికరం హైదరాబాదు నుంచి పార్శిల్‌లో తెప్పించాడు. పాతదైన కంప్యూటరు ఒకటి ఈశ్వరే ఇచ్చింది. ఆ అంకెల ఫైలును మొదటిసారి మార్చాడు. ఒక గడిలో అంకె పెంచి, చిప్పు పెట్టి, తాళం తిప్పాడు. బండి అసలు స్టార్టే కాలేదు. మళ్ళీ ఇంకో గడి మార్చాడు. కాలేదు. నెల రోజులు అదే తంతు. చివరికి ఈశ్వరి ఎక్కడో చదివి చెప్పింది: చిప్పులోని అంకెలన్నీ కూడితే రావాల్సిన మొత్తం కూడా అందులోనే ఒకచోట రాసి ఉంటుంది. ఒక అంకె మారిస్తే ఆ మొత్తమూ మార్చాలి, లేకపోతే డబ్బా ఒప్పుకోదు.

మొత్తం సరిచేసి పెట్టిన రోజు బండి పలికింది. వాకిట్లో ఒక్కడే ఉన్నాడు. రెండు చేతులూ బోనెట్ మీద ఆనించి నిలబడ్డాడు. అదురు సాఫీగా ఉంది, మధ్యలో తుమ్ములేదు. ఎవరికైనా చెప్పాలనిపించింది. గేటు దాకా పోయాడు. ఎదురింటామె బియ్యం చెరుగుతోంది. ఆమెకు ఏమని చెప్తాడు? వెనక్కొచ్చి ఇంజన్ ఆపాడు.

నిలబడి తిరిగే ఇంజన్ వేరు, బరువు లాగే ఇంజన్ వేరు. రోడ్డు మీద ఏ వేగంలో కొట్టుకుంటోందో తెలియాలంటే చెవి కావాలి. దానికీ ఒక దారి వెతికాడు. ఇంజన్ దిమ్మకు బిగించే చిన్న సెన్సారు ఒకటుంది. లోపల కొట్టుకుంటే దానికి తెలుస్తుంది. టీవీ అతను దానికి తగ్గ సర్క్యూట్ కట్టి ఇచ్చాడు. ఇంజన్ కొట్టుకున్నప్పుడల్లా డ్యాష్‌బోర్డు మీద ఒక ఎర్ర బల్బు వెలుగుతుంది. సైలెన్సర్‌కు ఇంకో సెన్సారు, దానికి ముల్లున్న మీటరు; పెట్రోలు ఎక్కువైందా తక్కువైందా అది చెప్తుంది. చెవి చేసే పనిని కంటికి అప్పగించాడు.

దొర్నిపాడు రోడ్డు ఆయనకు ఇష్టం. అటూ ఇటూ నల్లరేగడి చేలు, శనగ, జొన్న. బండ్లు తక్కువ. బల్బు వెలిగిన వేగం గుర్తు పెట్టుకుని ఇంటికొచ్చేవాడు, ఆ గడిలో అంకె తగ్గించేవాడు, కొత్త చిప్పు ఎక్కించి మళ్ళీ పోయేవాడు. ఎండాకాలం ఒక మధ్యాహ్నం పెట్రోలు మరీ తగ్గించిన ఫైలుతో పోయి, నడి చేలల్లో ఆగిపోయాడు. ఇంజన్ పొగలు కక్కుతోంది. కనుచూపు మేర మనిషి లేడు. కారు నీడలో కూర్చున్నాడు. వినపడేవాళ్ళకు ఆ చేలల్లో గాలి చప్పుడైనా ఉంటుంది, పిట్ట అరుపైనా ఉంటుంది. ఆయనకు ఏమీ లేదు. సాయంత్రం శనగ మూటల ట్రాక్టరు వస్తే దానికి కట్టించుకుని ఊళ్ళోకి వచ్చాడు. మూడు నెలలు ఆ ఇంజన్ విప్పి కట్టాల్సి వచ్చింది.

ఇదంతా సాయంత్రాలు ఈశ్వరి సెంటరులో చెప్పేవాడు. ఆమె పని చేసుకుంటూ వినేది, నడుమ నడుమ టైపు చేసేది. ఒకసారి ఇట్లా కొట్టింది: "నేను నా మొగునితో కూడా ఇట్ల టైపు కొట్టే మాట్లాడతాండా అన్నా. ఆయప్పకు చెవులు బాగుండాయి. దూరంలో ఉండాడు, అంతే."

యేసురత్నం ఆ అక్షరాలు రెండుసార్లు చదువుకున్నాడు.

రెండువేల ఆరులో సిరివెళ్ళ దగ్గర పెద్ద రోడ్డు మీద ఆయన బల్బు చూసుకుంటూ నడుపుతున్నాడు. వెనక లారీ ఎంతసేపటి నుంచి హారన్ కొడుతోందో తెలియదు. పక్కనుంచి రాసుకుంటూ పోయింది. కుడిపక్క అద్దం ఊడి ఎగిరిపోయింది. లారీ ముందు ఆగి, డ్రైవరు దిగొచ్చి నోరు పెద్దది చేసి తిట్టాడు. యేసురత్నం చేతులు జోడించాడు. ఇంటికొచ్చి అద్దం సంగతి పరంజ్యోతికి చెప్పలేదు. బండి ఆ పక్కను గోడకు ఆనించి నిలబెట్టాడు.

రెండు రోజుల తర్వాత పరంజ్యోతి డ్యూటీ నుంచి వస్తూ ఈశ్వరి సెంటరు ముందు ఆగింది. లోపల తన భర్త కూర్చుని నవ్వుతున్నాడు. భుజాలు ఊగేట్టు నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. మెట్లెక్కి లోపలికి పోయింది. తెర మీద పెద్ద అక్షరాలు ఉన్నాయి.

"లారీవాడు ఏమని తిట్టినాడన్నా?"

"వినపడితే గదా! తిట్టు ఒక్కటీ తగల్య," అని యేసురత్నం గట్టిగా చెప్తున్నాడు, వెనక భార్య నిలబడిందని తెలియక.

పరంజ్యోతి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి బండి ఆ పక్కకు పోయి చూసింది. ఆయన వచ్చాక గడ్డం పట్టుకుని తన ముఖం వైపు తిప్పుకుంది. మెల్లగా, పెదాలు చదవడానికి వీలుగా మాట్లాడింది.

"చచ్చిపోయేటోడివి. ఆ సంగతి ముందు ఆయమ్మకు తెల్సింది. నాకు తెల్య."

యేసురత్నం తల దించబోయాడు. ఆమె దించనివ్వలేదు.

"ఇంజన్ కొట్టుకుంటే వెలిగే దీపం పెట్టినావు. అది ఏమంటాందో తెలుసుకునేదానికి మూడేండ్లు పడినావు. నేను పిలిస్తే వెలిగే దీపం యాడ పెట్టినావయ్యా?"

ఆమె చేయి తీసేసి లోపలికి పోయింది. ఆ రాత్రి అన్నం పెట్టింది, తను తినలేదు.

మరునాడు ఆయన వంటింటి గోడకు ఒక స్విచ్చి, వాకిట్లో తన బల్ల మీద ఒక బల్బు బిగించాడు. ఆమె డ్యూటీ నుంచి వచ్చి చూసింది. నొక్కి చూసింది, వెలిగింది. ఆ తర్వాత అన్నానికి పిలవడానికి మాత్రం నొక్కేది. అన్నీ అయ్యాక ఊరికే నొక్కి మాట్లాడాలంటే ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియని పరిస్థితి. ఏడేళ్ళ మౌనం స్విచ్చి వేస్తే పోతుందా?

కానీ ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర కొంగు నడుముకు దోపుకుని, కారు డ్రైవరు సీట్లో కూర్చుంది.

"నువ్వు నడపొద్దు. నాకు నేర్పించు," అంది.

నలభై ఎనిమిదేళ్ళ నర్సమ్మ కారు నేర్చుకుంటుంటే ఆళ్లగడ్డ జనం నిలబడి చూశారు. ఆమె లెక్కచేయలేదు. దొర్నిపాడు రోడ్డులో ఆదివారాలు ఆమె నడిపేది, ఆయన పక్కన కూర్చుని బల్బూ మీటరూ చూసేవాడు. ఆయన డ్యాష్‌బోర్డు మీద ఒకసారి తడితే వేగం పెంచాలి, రెండుసార్లు తడితే తగ్గించాలి. చేతులు స్టీరింగు మీద, కళ్ళు రోడ్డు మీద ఉంటాయి కాబట్టి ఆమె ఆయనకు కనపడేట్టు మాట్లాడే వీల్లేదు. ఆయన బల్బు మీదినుంచి చూపు తిప్పలేడు. గంటల తరబడి ఒకరి పక్కన ఒకరు కూర్చుని పోయేవాళ్ళు, ఎవరి పనిలో వాళ్ళు. ఒక్కోసారి బల్బు వెలగకముందే ఆమె చేయెత్తేది. ఏదో వినపడిందన్నమాట. ఆయన ఆ వేగం గుర్తు పెట్టుకునేవాడు. ఆమె చేయెత్తిన చోట్లలో ఎప్పుడూ తప్పు ఉండేది.

రెండువేల ఏడు చివరికి ఫైలు కుదిరింది. అహోబిలం రోడ్డులో కొండకేసి ఎత్తు ఎక్కుతుంటే కూడా బల్బు వెలగలేదు. బండి నిండా బరువు వేసి చూశారు, వెలగలేదు. పరంజ్యోతి బండి ఆపి ఆయనవైపు తిరిగి, రెండు అరచేతులూ చాపింది, ఇంకేముంది అన్నట్టు. ఆయన నవ్వాడు. ఆమె కూడా కొంచెం నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చూడాల్సిన మీటరు లేదు, తట్టాల్సిన డ్యాష్‌బోర్డు లేదు.

ఈశ్వరికి చెబుదామని మరునాడు బజారుకు పోయాడు. ఆమె కంప్యూటర్లు అట్టపెట్టెల్లో సర్దుతోంది. భర్త తిరిగొచ్చేశాడు, ప్రొద్దుటూరులో అంగడి పెడుతున్నారు. కంప్యూటర్ల తీగలన్నీ ఊడదీసి ఉన్నాయి, టైపు చేయడానికి లేదు. చేత్తో సైగ చేసి అడిగింది, బండి ఎట్లుంది అని. ఆయన బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆమె సంతోషపడింది. ఇంకా చాలా చెప్పాలని వచ్చాడు. ఒక అట్టపెట్టె ఎత్తి ఆటోలో పెట్టి, ఇంటికి నడిచాడు.

రెండువేల ఎనిమిదిలో పరంజ్యోతికి ప్రమోషను వచ్చింది, నందికొట్కూరుకు వేశారు. ఇంకొన్నేళ్ళ సర్వీసే. ఇల్లు మార్చే ఓపిక ఇద్దరికీ లేదు. అక్కడ ఒక గది తీసుకుంది. సోమవారం తెల్లారి కారులో పోయేది, శనివారం చీకటి పడకముందు వచ్చేది. నంద్యాల, ఆత్మకూరు మీదుగా ఒక్కతే నడుపుకుంటూ. తోటి నర్సులు ఆమెను చూసి ఆశ్చర్యపోయేవాళ్ళట.

సోమవారం గేటు తీసి, బండి మలుపు తిరిగేదాకా నిలబడేవాడు యేసురత్నం. తర్వాత ఆరు రోజులు. వండుకుని తినేవాడు. కంప్యూటరు తెరిచి పట్టిక చూసేవాడు. నాలుగేళ్ళు తిప్పిన అంకెలు, ఏ గడి ఏ రోడ్డు మీద సరిచేశాడో చూడకుండా చెప్పగలడు. మార్చాల్సింది ఒక్కటీ లేదు. మూసేసేవాడు.

ఒక శనివారం పరంజ్యోతి చెప్పులు కూడా విప్పకుండా ఆయన ముందుకొచ్చి కూర్చుంది. ఆత్మకూరు దాటాక బండి ఒక రకమైన చప్పుడు చేస్తోందట. ఎట్లాంటి చప్పుడో మాటల్లో చెప్పలేకపోయింది. నోటితో చేసి చూపించింది. ఆయనకు వినపడదు కదా. ఆయన చేయి లాక్కుని తన గొంతు మీద పెట్టుకుని మళ్ళీ చేసింది. వేళ్ళ కింద చిన్నగా అదిరింది, ఆగింది, మళ్ళీ అదిరింది.

"ఎత్తులోనా, దిగేటప్పుడా?" అని అడిగాడు.

దిగేటప్పుడు కాలు తీస్తే, అని చూపించింది. ఆ వారాంతం అంతా అదే మాట. ఎంత వేగంలో, ఏ గేరులో, ఎండలోనా చల్లపొద్దులోనా. ఆయన అడిగినదానికంతా ఆమె ఓపికగా చెప్పింది. షెడ్డు రోజుల్లో ఆయన లెక్కలు రాసుకున్న పాత పలక వెతికి తీసి, దాని మీద రోడ్డు బొమ్మ గీసి చూపించింది. ఆదివారం ఆమె అన్నం తింటూ కూడా మధ్యలో గుర్తొచ్చి గొంతు మీద ఆయన చేయి పెట్టుకుని చప్పుడు చేసి చూపించింది, ఇద్దరూ నవ్వారు.

తప్పు ఏ గడిలో ఉందో ఆయన ఆదివారం మధ్యాహ్నానికే పట్టుకున్నాడు. కాలు తీసినప్పుడు పెట్రోలు మరీ తగ్గుతోంది, నాలుగు గడులు సరిచేస్తే పోతుంది. సరిచేశాడు. చిప్పు ఎక్కించబోతూ ఆగాడు. ఈ చప్పుడు పోతే వచ్చే శనివారం ఆమె చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, లోపలికి పోతుంది. ఒక గడిలో అంకె కొంచెం అటూ ఇటూ వదిలేస్తే ఏం కాదు, ఇంజన్‌కు దెబ్బ లేదు, చిన్న గురక అంతే. వేలు కీబోర్డు మీటల మీదే ఉంది చాలాసేపు. ఆ గడిలో పాత అంకె మళ్ళీ కొట్టాడు కూడా.

తర్వాత ఆత్మకూరు దాటాక వచ్చే రోడ్డు గుర్తొచ్చింది. పక్కన ఎవరూ లేకుండా ఆమె ఒక్కతే ఆ చప్పుడు వింటూ, ఏమవుతుందోనని భయపడుతూ నడపడం కళ్ళకు కట్టింది. కొత్త అంకె కొట్టి, మొత్తం సరిచేసి, చిప్పు ఎక్కించి బిగించాడు.

సోమవారం ఆమె వెళ్ళింది. శనివారం వచ్చింది. ఆయన గేటు దగ్గరే అడిగాడు.

"ఎట్లుండాది?"

ఆమె చేయి చూపించింది, బాగుందని. లోపలికి పోయి కాళ్ళు కడుక్కుంది. కాఫీ పెట్టుకుంది. ఆయన వాకిట్లో బోనెట్ ఎత్తి చూసి, చూసేది ఏమీ లేక దించాడు. వేడి ఇంకా తగ్గలేదు.

లోపలికొచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. కారు గురించి కాకుండా ఏం అడగాలో ఆయనకు వెంటనే తోచలేదు. పలక తీసుకుని, ఒక మాట రాసి, చెరిపేసి, మళ్ళీ రాసి ఆమె ముందు పెట్టాడు.

"దోవలో ఏం జూసినావు?"

పరంజ్యోతి ఆ పలకను చూసింది. వారమంతా పని చేసి, అంత దూరం నడిపి వచ్చి అలసిపోయి ఉంది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, బలపం అందుకుని, నర్సుల కొక్కిరిబిక్కిరి రాతలో రాయడం మొదలుపెట్టింది. పలక నిండిపోతే చెరిపి మళ్ళీ రాసింది. పొద్దుతిరుగుడు చేలు పూసినాయట. ఆత్మకూరు దగ్గర అడవి నుంచి దిగిన చెంచోళ్ళు తేనె అమ్ముతున్నారట, ఒక సీసా తీసుకుందట, కారులోనే మర్చిపోయిందట.

యేసురత్నం లేచి తేనె సీసా తేవడానికి వాకిట్లోకి పోయాడు.